కోళ్ళగూడు – ఎలుకలు

పెరటిలో పది కోళ్ళను పెంచుకొను గృహస్థునకు, ఆ కోళ్ళతోపాటు, తాను కోరకయే మఱియొక పెంపకము కూడ సంక్రమించుచుండును. అది ఎలుకల పెంపకము. పగటివేళ కోళ్ళు తినగా మిగిలిన గింజను రాత్రివేళ తిని, గూటి పలకల క్రిందనో, గోడ పగులునందో, దాణాబస్తాల వెనుకనో కాపురము పెట్టి, యజమాని యెఱుగకుండగనే కోళ్ళకంటె శీఘ్రముగా వృద్ధిపొందు ఈ ప్రాణుల జాతులును, స్వభావమును, వానివలన గలుగు నష్టములును, వానిని అదుపులో నుంచు ఉపాయములును, ముఖ్యముగా ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల పెరటి కోళ్ళను దృష్టియందుంచుకొని, ఈ వ్యాసమున వివరింపబడినవి.

సంస్కృతమున ఎలుకకు గల మూషికమను పేరు దొంగిలించుట యను అర్థముగల 'ముష్' ధాతువునుండి పుట్టినది. త్రవ్వునది యను భావమున ఆఖువనియు దానికి నామాంతరము కలదు. ఒక పేరు దాని వృత్తిని చెప్పుచుండగా రెండవ పేరు ఆ వృత్తికి అది వచ్చు త్రోవను చెప్పుచున్నది. కోళ్ళు పెంచువారు ఈ రెంటిలో మొదటిదానినే తలచుకొని ఎలుకను తిట్టుచుందురు. రెండవదానిని కూడ తలచుకొని గూటి పునాదివైపు చూచినచో వారి పని సగము తీరును.

ఎలుకకును కోడికిని గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. అది ధాన్యమువలన ఏర్పడినది. మధ్యధరాసముద్రపు తూర్పుతీర ప్రాంతమున, సుమారు 15,000 సంవత్సరముల క్రిందట, మానవులు ఇంకను సేద్యము నేర్వక, అడవిగింజలను ఏఱితెచ్చుకొని ఒకచోట నిలుకడగా నివసింప నారంభించిన కాలముననే, చిట్టెలుక వారి యిండ్లలో చేరినట్లు, అచటి త్రవ్వకములలో లభించిన ఎలుకల దంతములనుబట్టి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కోడి అంతకు చాలకాలము తరువాత వచ్చినది. ఆగ్నేయాసియా అరణ్యములలోని ఎఱ్ఱ అడవికోడి, వరి, చిరుధాన్యముల చేల మీదికి గింజకై దిగి, క్రమముగా మనుష్యులకు మాలిమియైనట్లు తోచుచున్నది. థాయిలాండులోని బాన్ నోన్ వాట్ అనుచోట దొరకిన, క్రీ. పూ. 1650–1250 నాటి కోళ్ళ యెముకలు ఇంతవరకు దొరకిన పెంపుడుకోళ్ళ యవశేషములలో మిక్కిలి ప్రాచీనములని చెప్పబడుచున్నవి. అనగా మనుష్యుడు రాశిపోసిన గింజను చూచి వచ్చిన రెండు ప్రాణులలో ఒకదానిని అతడు చేరదీసెను, ఒకదానిని తరిమెను. తరుమబడినదియు పోలేదు.

జాతులు

తెలుగు నాట కోళ్ళగూళ్ళ చుట్టును కనబడు మూషికములు ప్రధానముగా నాలుగు. వీనిలో అత్యధిక సంఖ్యాకము చిట్టెలుక. దీని శాస్త్రీయనామము మస్ మస్క్యులస్. శరీరము 7 మొదలు 10 సెంటీమీటర్ల పొడవుండును. తోకయు రమారమి అంతే. బరువు సుమారు 20 గ్రాములు. ఇంటి ఎలుక యనునది, అనగా రాటస్ రాటస్, దీనికి ఎన్నో రెట్లు పెద్దదై 100 గ్రాములు మొదలు 200 గ్రాములవఱకు తూగును. దాని తోక శరీరముకంటె పొడవు. అది త్రవ్వుటకంటె ప్రాకుటయందు నేర్పరి. తాటాకు కప్పులు, పెంకుల క్రింది వాసములు, కొబ్బరిచెట్ల మొవ్వులు దానికి నివాసములు.

మూడవది పొలము ఎలుక, బండికోటా బెంగాలెన్సిస్. ఇది వరిచేల గట్లను తొలిచి, వెన్నులను కొఱికి కలుగులలో దాచుకొనును. కోతలైన పిమ్మట ఊరి పెరళ్ళలోనికి వచ్చును. దాని కన్నము ముందు తాజాగా ఎత్తిపోసిన మన్ను కుప్పగా నుండుటచే అది ఇట్టే గుర్తింపబడును. నాలుగవది దానికి జ్ఞాతియైన పందికొక్కు. ముక్కుకొన మొదలు తోక మొదలివఱకు అడుగు పొడవును, కిలోగ్రాము వఱకు బరువును గలిగి, వీపుమీద ముతకవెండ్రుకలతో, బెదరించినపుడు పందివలె గుఱ్ఱుమను ఈ జంతువు పేరు మన భాషనుండియే ఇంగ్లీషులోనికి 'బాండికూట్' అను రూపమున ప్రవేశించి, శాస్త్రజ్ఞుల చేతులలో బండికోటా అను ప్రజాతినామమై, చివరకు ఆస్ట్రేలియాలోని, ఎలుకలతో నేమాత్రము బంధుత్వములేని, సంచిజాతి ప్రాణులకు కూడ అంటుకొన్నది. తెలుగు పెరటిలోని పేరు ఇంతదూరము ప్రయాణము చేసిన దృష్టాంతములు చాల లేవు.

వీనితో కలిపి చెప్పవలసినదియు, నిజమునకు వీనిలో చేరనిదియు నగు ప్రాణి చుంచు. పొడవైన కొనముక్కును, చెడువాసనయు గల ఈ ప్రాణిని జనులు ఎలుకయనియే చంపుచుందురు గాని, ఇది కీటకాహారి. దీని పళ్ళు ఎలుకపళ్ళవలె ఉలులుగాక సూదులవలె నుండును. రాత్రివేళ గూటిలోనికి వచ్చినను బొద్దింకలను, పురుగులను వెదకుటకే తఱచుగా వచ్చును. అప్పుడే పగిలిన గ్రుడ్డునుండి వచ్చిన బలహీనమైన పిల్లలను కఱచుటయు కలదు. ఆ కాలము తప్పించి దానిని పోనిచ్చుటయే మేలు.

ఎలుక రాత్రి, కోడి రాత్రి

సంధ్యవేళ కోళ్ళు గూటికి చేరును. చీకటిలో వానికి చూపు ఆనదు. పెట్టలు వాసముమీద ముడుచుకొని కూర్చున్నపిమ్మట, ఆ గూటిలో ఏమి జరిగినను అవి దిగివచ్చి చూచునవి కావు. అప్పుడు గోడవెంబడి, మీసములను గోడకు ఆనించుచు, చిట్టెలుక బయలుదేరును. అది నట్టనడుమ నడువదు. ఒక మూలనుండి మఱియొక మూలకు, నిలువునకు ఆనుకొని, అలవాటైన ఒకే దారివెంట పోవును. ఒకచోట కూర్చుండి కడుపునిండ తినక, తొట్టి అంచున రెండు నూకలు, పలక క్రింద ఒక జొన్నగింజ, గుమ్మము దగ్గఱ ఒక తౌడు ముద్ద, ఇట్లు రాత్రియంతయు పదులకొలది చోట్ల కొఱుకుచు తిరుగును. దాని సంచారభూమి సాధారణముగా మూడు మొదలు పది మీటర్లను మించదు. నిలువుగోడ గరుకుగా నున్నచో ఎక్కును. అడుగు ఎత్తు గెంతును. 6 మిల్లీమీటర్ల సందు, అనగా పెన్సిలు దూరు రంధ్రము, దానికి ద్వారముతో సమానము. తల పట్టినచో తక్కిన శరీరము పట్టినట్లే.

నీటివిషయమున కూడ దానికి అక్కఱ స్వల్పము. ఆహారములో కొద్దిపాటి తడి యున్నచో చాలకాలము నీరు త్రాగకయే బ్రతుకగలదు. పెద్ద ఎలుకలు అట్లు కావు. వానికి ప్రతిదినము నీరు కావలెను. అందుచే గూటిలో రాత్రి నీళ్ళమూకుడు తీసివేయుట ఇంటి ఎలుకను కొంత విసిగించును గాని చిట్టెలుకను విసిగింపదు.

కోడిగ్రుడ్డు పొదుగుటకు ఇరువదియొక్క దినములు పట్టునని ఎఱుగని తెలుగు గృహిణి యుండదు. చిట్టెలుక గర్భధారణకాలమును 19 మొదలు 21 దినములే. ఒక పెట్ట బుట్టలో పండ్రెండు గ్రుడ్లమీద కూర్చున్ననాడే దాని గంప క్రింది బొరియలో ఒక ఎలుక గర్భము ధరించినదనుకొందము. కోడిపిల్లలు బయటపడునాటికి ఎలుకపిల్లలును బయటపడును. కాని పెట్ట ఆ తరువాత రెండు మూడు నెలలు పిల్లలను వెంటబెట్టుకొని తిరిగి, గ్రద్దను చూచినపుడెల్ల ఱెక్కలు చాపి, గ్రుడ్లు పెట్టుట మానుకొని యుండగా, ఎలుక ప్రసవించిన దినముననే తిరిగి గర్భము ధరింపగలదు. ఒక్కొక్క కాన్పున అయిదు మొదలు ఎనిమిది పిల్లలు. ఆఱు వారములకు ఆ పిల్లలును తల్లులగుటకు సిద్ధము. కోడిపిల్ల పెట్టయై గ్రుడ్డు పెట్టకమునుపే ఎలుకకు మనుమలు కలుగుదురు. గూటి అడుగు పలకను ఎత్తి చూచినవారికి తఱచు కనబడు దృశ్యము ఇది: గోనెపీచును, కోడియీకలను సన్నగా కొఱికి, పిడికిలి పట్టునంత ఉండగా చుట్టిన ఒక గూడు, దానిని వేలితో విప్పగా లోపల, కన్నులు విడువక, వెండ్రుక మొలవక, గులాబివన్నె చిక్కుడుగింజలవలె ఒకదానిపై ఒకటి పడియున్న అఱడజను పిల్లలు. కోడి తన పొట్టయీకలను రాల్చి గ్రుడ్లకు చేసిన వెచ్చదనమునే ఎలుక ఏఱుకొనిపోయి తన పిల్లలకు చేసికొన్నది.

నష్టములు

చిట్టెలుక దినమునకు తినునది 3 గ్రాములు. గ్రుడ్లు పెట్టు పెట్టకు దినమునకు కావలసిన దాణా 100 మొదలు 120 గ్రాములు. కాబట్టి నలువది చిట్టెలుకలు చేరినచో, యజమానికి గ్రుడ్డు పెట్టని మఱియొక కోడిని మేపినంత ఖర్చు. ఈ లెక్క విని, ఇంతేకదా యని ఊఱడిల్లువారు కలరు. తినినదానికంటె పాడుచేసినదే ఎక్కువ యని వారు మఱచుచుందురు. ఒక్కొక్క చిట్టెలుక దినమునకు ఏబదికి తక్కువగాని పెంటికలు వేయును. నడచినంతమేర మూత్రపు బొట్లు విడుచుచు నడచును. నలువదింటికి రెండువేల పెంటికలు. అవి పడునది దాణాతొట్టిలోనే.

రోగము వ్యాపించు విధము ఇక్కడనే కలదు. ఎలుక పెంటిక నల్లజీలకఱ్ఱ గింజంత యుండును. నేలమీద గింజను పోలిన దేదియైనను కోడి ముక్కుతో పొడిచి చూచును. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అను సూక్ష్మజీవి ఎలుక ప్రేగులనుండి పెట్టకును, పెట్టనుండి గ్రుడ్డునకును, సరిగా ఉడుకని గ్రుడ్డునుండి మనుష్యునకును చేరుట ఈ మార్గముననే. కోళ్ళకు కలరా యని మనవారు పిలుచు వ్యాధిని కలిగించు పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మజీవికిని ఎలుకలు ఆశ్రయము లగుచుండును. మనుష్యులకు సోకు ఎలుకజ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్, ఎలుకమూత్రముచే తడిసిన నేలనుండియు, నీటినుండియు కాళ్ళ పగుళ్ళగుండ ప్రవేశించును. వానకాలమున వట్టికాళ్ళతో గూడు శుభ్రము చేయుట అందుచే తగదు. 1896లో బొంబాయి రేవున మొదలై దేశమంతట వ్యాపించిన ప్లేగు ఎలుకలనుండి మనుష్యులకు గోమారులవలన, అనగా ఎలుకల యొంటిమీది ఫ్లీ యను పురుగులవలన, చేరుచున్నదని 1898లో కరాచీయందు పాల్ లూయీ సీమోన్ అను ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టినాడు. ఈనాడు ఆ భయము చాలవఱకు తొలగినది. చచ్చిన ఎలుకను వట్టిచేతితో పట్టరాదను జాగ్రత్త మాత్రము మిగిలియున్నది.

గ్రుడ్లవిషయమున నిందను సరిగా పంచవలెను. నిండుగ్రుడ్డును పగులగొట్టుటకు చిట్టెలుక నోరు చాలదు. పగిలినదానిని మాత్రము నాకును. గ్రుడ్లను దొర్లించుకొనిపోవునవియు, పొదుగుచున్న పెట్టను రాత్రివేళ బెదరించి లేపునవియు, వారము పదిదినముల పిల్లలను కాలుపట్టి కన్నములోనికి ఈడ్చునవియు ఇంటి ఎలుక, పందికొక్కులు. ఉదయము గంప ఎత్తునప్పటికి పిల్లలు రెండు తక్కువైనచో పిల్లిని కొట్టుటకు ముందు నేలను చూడవలెను.

ఎలుకల వెనుక పాము వచ్చును. నాగుబాము ఎలుకను, గ్రుడ్డును, కోడిపిల్లను కూడ తినును. కావున ఎలుకలున్న కోళ్ళగూడు దానికి అన్ని విధముల సిద్ధాన్నము దొరకు సత్రము. రక్తపింజరి ఎలుకకొరకే పెరటి పుల్లలకుప్పలలో చేరును. జెఱ్ఱిపోతు విషము లేనిది, ఎలుకలకు పరమశత్రువు. దానిని నాగుబాముగా భ్రమించి చంపి, ఎలుకలకు మేలు చేయువారే మనలో ఎక్కువ.

గుర్తులు

పెంటికల పరిమాణమునుబట్టి వచ్చినవారెవరో చెప్పవచ్చును. చిట్టెలుకవి 3 మొదలు 6 మిల్లీమీటర్లు, కొనలు సన్నములు. ఇంటి ఎలుకవి సుమారు సెంటీమీటరు. పందికొక్కువి అంతకును పెద్దవి. నల్లగా, మెత్తగా, మెఱయుచున్నవి రాత్రివి. బూడిదరంగు తిరిగి వ్రేలితో నలిపిన పొడియగునవి పాతవి. గోడ అడుగున జిడ్డుమరక, బస్తా మూలల నూలుపోగులు, దాణాడబ్బా చుట్టును పొట్టు, ముక్కుకు తగులు ఒక విధమైన మూత్రపు కంపు, ఇవియు సాక్ష్యములే. సందేహము తీఱనిచో పడుకొనబోవుముందు గోడవెంట జానెడు వెడల్పున పొయ్యి బూడిద జల్లి, ఉదయము వంగి చూడవలెను. ముందుకాళ్ళ గుర్తులలో నాలుగు వ్రేళ్ళు, వెనుకకాళ్ళ గుర్తులలో అయిదు, నడుమ సన్నని గీతగా తోక ఈడ్చిన జాడ. నేలకన్నములైనచో సాయంకాలము అన్నింటిని మట్టితో మూసి, తెల్లవాఱి ఏవి తెఱచుకొన్నవో చూచినచో, కాపురమున్న కన్నములేవో, వదలిన కన్నములేవో తెలియును. వ్యవసాయశాఖవారు పొలముగట్లమీద చెప్పు పద్ధతియు ఇదియే.

తిండి తప్పించుట

ఎలుకలను చంపుటకు ఉపాయములు వెదకువారు అనేకులు. వానికి తిండి పెట్టుట మానువారు కొందఱే. గూటిలో రాత్రి గింజ మిగిలినంతకాలము ఎన్ని బోనులు పెట్టినను చచ్చినవాని చోటును పుట్టినవి ఆక్రమించుచుండును. కోళ్ళకు వేయు నూకలు, జొన్నలు, తౌడు అరగంటలో తినివేయునంత మాత్రమే వేసి, చీకటిపడకముందే తొట్టిని తీసి లోపల పెట్టి, నేలను చీపురుతో ఊడ్చివేయుట, చెప్పుటకు చిన్నపనియేగాని, నెలదినములు తప్పక చేసినచో ఏ విషమును చేయలేని పని చేయును. తొట్టిని కోడి వీపు ఎత్తున వ్రేలాడగట్టినచో కాలితో చిమ్ముట తగ్గును. కోడి ఎక్కి నిలిచిన బరువునకు మూత తెఱచుకొను తొక్కుడుపలక తొట్లు కూడ కలవు. రెండు కిలోల కోడికి తెఱచుకొను మూత ఇరువది గ్రాముల ఎలుకకు తెఱచుకొనదు.

దాణాను గోనెసంచిలో నిలువచేయుట ఎలుకకు ఆకులో వడ్డించుటయే. ప్లాస్టికు బకెట్టును కూడ అది ఒక రాత్రిలో తొలుచును. ఎలుక కుంతకములు, అనగా ముందుపళ్ళు, ఆజన్మము పెరుగుచునే యుండును గనుక ఏదో యొకదానిని కొఱికి అరగదీసికొనుట దానికి ప్రాణావసరము. చెక్క, సున్నము, సీసము, ప్లాస్టికు దానికి లోబడును, ఉక్కు లోబడదు. పదునైదు కిలోల నూనె పట్టు రేకుడబ్బాలకు మూత బిగించి వాడుకొను ఇల్లాండ్రు ఏ పుస్తకమును చదువకయే ఈ సంగతి గ్రహించిరి.

గూటి నిర్మాణమున జరుగు మొదటి పొరపాటు వలవిషయమున. కోళ్ళవల యని అంగళ్ళలో అమ్ముడుపోవు, ఆఱుమూలల కన్నులుగల తీగవల కోడిని లోపల ఉంచుటకు పనికివచ్చునే గాని ఎలుకను వెలుపల ఉంచుటకు పనికిరాదు. 12 మిల్లీమీటర్ల చదరపు కన్నుల వెల్డింగు జాలి పెద్ద ఎలుకలను ఆపును. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్లకంటె సన్నని కన్నుల జాలియే శరణ్యము. దానిని నేలలో అడుగు లోతునకు పాతి, అడుగున వెలుపలికి మఱియొక అడుగు వంచినచో, గోడవెంట త్రవ్వవచ్చిన పందికొక్కు వంపునకు తగిలి వెనుదిరుగును. రెండడుగులు వెనుకకు జరిగి త్రవ్వవలెనను ఆలోచన దానికి సామాన్యముగా తట్టదు. ఉన్న కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చుట మన ఊళ్ళలో పాత అలవాటు. అది మంచి అలవాటే. గూటిని స్తంభములమీద అడుగున్నర ఎత్తున నిలిపి, ఒక్కొక్క స్తంభమునకు బోర్లించిన గరాటువలె రేకు తొడిగినచో ప్రాకుట ఆగును. అయితే ప్రక్కనే గడ్డివామియు, పిడకల దొంతరయు, గూటికప్పును తాకు జామకొమ్మయు ఉన్నచో రేకులకు పెట్టిన ఖర్చు వృథా.

ఇచట మన పూర్వపు గంపను గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. సాయంకాలము కోళ్ళను పట్టి వెదురుగంప క్రింద కమ్మి, మీద ఒక రాయి బరువుంచి, తెల్లవాఱగనే గంప ఎత్తి ప్రక్కకు నెట్టి నేల ఊడ్చు పద్ధతి పేదలదని, అనాగరికమని భావించి, స్థిరమైన గూళ్ళు కట్టినవారు తమకు తెలియకుండ ఎలుకకు స్థిరనివాసమును కట్టియిచ్చిరి. ఎత్తినప్పుడెల్ల మాయమగు ఇంటిలో ఎలుక కాపురము చేయదు. గంపకు గాలి చాలదనియు, పది కోళ్ళు మించినచో పనికిరాదనియు నిజమే. పందికొక్కు వదులునేలలో త్రవ్వి గంపలోనికి రాగలుగుటయు నిజమే. కాని రాతిపలకమీద గాని గచ్చుమీద గాని కమ్మిన గంపవంటి ఎలుకపట్టని గూటిని ఆధునికులు ఇంకను చౌకగా కట్టలేదు. అరుగుగోడలో ఇమిడ్చి కట్టిన పాతకాలపు మట్టిగూడు దీనికి సరిగా విపరీతము. లోపలికి చేయి పోదు, వెలుతురు పోదు, ఎలుక మాత్రము పోవును.

బోనులు

తీగస్ప్రింగు వేగముగా పడి మెడ విఱుచు పలకబోనునకు 1894లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమునకు చెందిన విలియం హూకర్ అనునతడు పేటెంటు పొందెను. ఈనాటికిని అంగడిలో దొరకునది సుమారుగా అదే రూపము. మన యిండ్లలో తీగలబోనును, చెక్కపెట్టెబోనును వాడుక యెక్కువ. ఎఱగా నిప్పులమీద కాల్చిన కొబ్బరిముక్క, వేరుసెనగగింజ, ఎండుచేప తునక, నూనెలో వేగిన పకోడి ప్రశస్తములు. గింజ సమృద్ధిగా నున్న కోళ్ళగూటి దగ్గఱ గింజనే ఎఱగా పెట్టుట వ్యర్థమని వేఱుగా చెప్పనక్కఱలేదు.

చిట్టెలుకకును పెద్ద ఎలుకకును స్వభావమున ఒక భేదము గలదు. దానిని గుర్తింపక పోవుటచేతనే బోనులు ఖాళీగా నుండును. పెద్ద ఎలుక క్రొత్తవస్తువును చూచి అనుమానించి, నాలుగైదు దినములు దాని దరికి రాదు. కావున బోనును ఎఱతో, కాని బిగింపక, కొన్నాళ్ళు ఉంచి, అది నిర్భయముగా తినుట మరగిన పిమ్మట బిగింపవలెను. చిట్టెలుక కుతూహలముగలది, క్రొత్తదానిని చూచినచో ఆ రాత్రియే వచ్చి ముట్టి చూచును. దానికి మొదటి రాత్రియే బోను బిగించి, పడనిచో మూడవనాడు చోటు మార్చవలెను. సంచారభూమి స్వల్పము గనుక ఒక్క బోనుతో ప్రయోజనము లేదు. గోడవెంట రెండేసి మీటర్ల కొకటి చొప్పున, ఎఱవైపు గోడకు ఆనునట్లు, ఒకేమారు పది పెట్టుట మంచిది. కోళ్ళ ముక్కులు, పిల్లల వ్రేళ్ళు తగులకుండ వానిపై చిల్లుల పెట్టె బోర్లించుట అవసరము.

పొలములలో ఈ పనిని వృత్తిగా చేసినవారు మనకు కలరు. నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల యానాదులు, అడుగున రంధ్రముగల కుండలో గడ్డికూరి నిప్పంటించి, కుండమూతిని కలుగునకు ఆనించి, రంధ్రముగుండ ఊది లోపలికి పొగ పట్టించి, ఉక్కిరిబిక్కిరియైన ఎలుకలను త్రవ్వితీసి, అవి దాచుకొన్న వరివెన్నులను కూడ తెచ్చుకొందురు. పశ్చిమగోదావరి చేలలో తాటాకుబుట్టల బోనులు పెట్టు పనివారు ఈనాటికిని కనబడుదురు. ఒక కన్నమును చూచి ఎన్నినాళ్ళక్రిందట త్రవ్వినదో, లోపల త్రోవ ఎటు తిరిగినదో చెప్పగల వీరి నేర్పు ముందు మన బూడిదపరీక్ష బాలక్రీడ.

విషములు

ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొన్న సామెత కోళ్ళగూటియందు విషము పెట్టువారిపట్ల అక్షరాల చెల్లును. పొలములలో సిఫారసు చేయబడు జింక్ ఫాస్ఫైడు ఎఱ, నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు కలిపి చేయబడును. కడుపులోని ఆమ్లమునకు తగిలి అది ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. దానికి విఱుగుడు లేదు. నూకలు ఎలుకకంటె ముందు కోడికి ఇష్టమైన ఆహారము. పైగా కోడిజాతి పక్షులు ఈ విషమునకు మిక్కిలి సులభముగా లోబడును. ఎలుకకన్నము ముందు ఒలికిన నాలుగు నూకలను పెట్ట ఏఱుకొనుటకు ఎంతసేపు పట్టును?

రక్తము గడ్డకట్టకుండ చేయు విషముల కథ వేఱు. ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు రక్తస్రావముతో చచ్చుటను పరిశోధించి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ అనునతడు, అతని సహచరులు కనుగొన్న పదార్థములనుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అంగడికి వచ్చినది. పరిశోధనకు ధనమిచ్చిన సంస్థ పేరులోని తొలి అక్షరములనుండి దాని పేరు ఏర్పడినది. పదేండ్లు తిరుగునప్పటికే, 1958లో, స్కాట్లండులో దానికి లొంగని ఎలుకలు కనబడినవి. తరువాత వచ్చిన బ్రోమడయోలోన్ మొదలగునవి ఇంకను తీవ్రములు. వీనిని తిన్న ఎలుక వెంటనే చావక మూడు మొదలు ఏడు దినములు మందకొడిగా తిరుగుచు, పగటివేళ కూడ బయటికి వచ్చును. అట్టి ఎలుకను పిల్లి పట్టును, గుడ్లగూబ పట్టును, కోడియు పట్టును. మూతగల ఎఱపెట్టెలో, కోళ్ళకు అందని గోడ వెలుపల, పిల్లలకు తెలియని చోట పెట్టి, ప్రతి ఉదయము చచ్చినవానిని వెదకి లోతుగా పాతిపెట్టగల ఓపికగలవారు తప్ప ఇతరులు దీని జోలికి పోరాదు. పసుపుపచ్చ భాస్వరపు ముద్ద మందులు ఇంటిలోనే ఉండదగినవి కావు; అవి చంపిన మనుష్యుల సంఖ్య తక్కువ కాదు.

పుదీనా ఆకులు, మిరియపుపొడి, కర్పూరపుండలు, చెవికి వినబడని ధ్వనిచేయు యంత్రములు మొదలగువాని గుణమును నమ్మువారు కలరు. యంత్రధ్వనికి ఎలుకలు కొలదిదినములలోనే అలవాటుపడును. కర్పూరపుండల ఆవిరి మూసిన గూటిలో కోళ్ళకే కీడు.

సహజశత్రువులు

పిల్లి ఎలుకలను పట్టును. కోడిపిల్లలను కూడ పట్టును. పెద్ద పెట్టచే ఒకమారు కన్నుమీద పొడిపించుకొన్న పిల్లి మాత్రము జీవితాంతము కోళ్ళకు మర్యాద చూపును. ముంగిస ఎలుకకన్న కోడిమీదనే ఎక్కువ దృష్టి నిలుపును గావున దానిని పిలువరాదు. చావుకబురు తెచ్చునని మనవారు తరుము తెల్లగుడ్లగూబ కోడి జోలికి పోదు. రాత్రికి రెండు మూడు ఎలుకలను పట్టి గూటికి చేర్చును, పిల్లలున్నపుడు ఇంకను ఎక్కువ. పాతగోపురములు, పాడుబడిన మిద్దెలు కూలిపోవుచున్నకొలది దానికి నిలువ నీడ తగ్గుచున్నది. మలేషియాలో నూనెతాటి తోటలవారు దానికి చెక్కపెట్టెలు కట్టి పిలిచి కాపురము పెట్టించుచున్నారు.

కోడియే ఎలుకను తినునను సంగతి పట్టణమున పెరిగినవారికి ఆశ్చర్యము కలిగించును. ఉదయము గూటి తలుపు తీసి, దాణాపలక ఎత్తినపుడు దారితప్పిన చిట్టెలుక ఒకటి నడుమకు పరుగెత్తినచో, ముందు చూచిన పెట్ట దానిని ముక్కుతో పొడిచి, నేలకు రెండుమార్లు మోది, నోటకఱచుకొని పరుగెత్తును. తక్కిన పెట్టలన్నియు దానివెంట పడును. పెరడంతయు మూడుచుట్లు తిరిగి, చివరకు ఎవరికి చిక్కినదో వారు తలవైపునుండి ఒక్క గ్రుక్కగా మ్రింగుదురు. అసీలు జాతి పెట్టలయందు ఈ చురుకుదనము మిక్కిలి. వనరాజవంటి భారీ పక్షులు ఆలోచించుకొనునప్పటికి ఎలుక కన్నము చేరును.

రాకపోకల కాలములు

ఎలుకల రాకపోకలకు ఋతువులు కలవు. తొలకరి వానలకు కలుగులు మునిగినపుడు ఒకమారును, కార్తీక మార్గశిరములలో వరికోతలు ముగిసి చేలలో గింజ కఱవైనపుడు మఱియొకమారును అవి ఇండ్లవైపు కదలివచ్చును. రెండవ రాక పెద్దది. కుప్పనూర్పులు కాగానే గడ్డిబండ్లు పెరటికి వచ్చును, గడ్డితోపాటు ఎలుకలును వచ్చును. వామి వేయుటకు గూటినుండి పది గజములు దూరముగా చోటు చూచుకొని, బండి రాకముందే అడుగు పలకలను ఎత్తి, ఊకనంతయు ఎరువుదిబ్బకు చేర్చి, జాలి అంచులను వ్రేలితో తడవి చూచి, వదులైన మేకులను ఆ వారముననే బిగించుకొనవలెను. వామి లేచిన పిమ్మట ఆ పని చేయువారు లోపలి ఎలుకలను లోపలనే ఉంచి తలుపు వేసినవారగుదురు.